కరుణ వాళ్ళ నాయన

డెబ్బై దాటాక నాకు ఇద్దరు తండ్రులున్నారని తేలింది. తేల్చింది పింఛన్ల ఆఫీసులో కూర్చునే ఒక కుర్రవాడు. మా ఆయన పోయిన మూడు నెలలకి కుటుంబ పింఛను కాగితాలు పట్టుకుని వెళితే, ఆ అబ్బాయి వాటిని ఒకటికి రెండుసార్లు తిరగేసి, "మీ స్కూలు సర్టిఫికెట్‌లో తండ్రి పేరు పెంచలయ్య అని ఉంది. చర్చి వాళ్ళిచ్చిన పెళ్ళి సర్టిఫికెట్‌లో దానియేలు అని ఉంది. ఇందులో మీ నాన్న ఎవరు మేడం?" అని అడిగాడు. "ఇద్దరూనూ" అన్నాను. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి గట్టిగా దగ్గాడు. మా అమ్మ బతికుండి ఈ మాట వింటే ఆ అబ్బాయి కంప్యూటరు కింద దూరవలసి వచ్చేది. ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలన్నాడు. రుజువు లేకపోతే పెళ్ళి చేసుకున్న కరుణ, చదువుకున్న కరుణ వేరు వేరు మనుషులని, పింఛను ఇద్దరిలో ఎవరికీ రాదని చాలా మర్యాదగా చెప్పాడు.

ఇంటికొచ్చి మంచం కింది ట్రంకు పెట్టె లాగాను. అందులో పాత చీరలు, మా ఆయన కళ్ళజోళ్ళు నాలుగు, ఎందుకు దాచానో నాకే తెలియని ఒక తాళంచెవి, అన్నిటికీ అడుగున ఒక నోటుబుక్కు. దానికి ఖాకీ అట్ట. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో "ఇతరులు చూడరాదు" అని నేనే పదమూడేళ్ళ వయసులో రాసుకున్న హెచ్చరిక. లోపల సగం పేజీలు చింపేసి ఉన్నాయి. అట్ట లోపలి వైపు ఎర్ర పెన్సిలుతో ఇంగ్లీషులో మూడు ముక్కలు, కింద ఒక సంతకం. మా నాయన ఎవరో తేల్చి రాసిన కాగితం ఈ భూమ్మీద అదొక్కటే. నేలమీద చతికిలబడి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో గుర్తులేదు.

మా ఊరు బిట్రగుంటకు దక్షిణంగా రెండు మూడు స్టేషన్ల దూరం. రైలుకట్టకి అంత దగ్గరగా ఇల్లు ఎందుకు కట్టుకున్నారో తెలియదు గానీ, మెయిలు బండి వెళితే మా అటక మీద గిన్నెలన్నీ మాట్లాడుకునేవి. పొద్దున పూట ఇంట్లో బొగ్గు పొగ, చింతపండు పులుసు ఉడుకుతున్న వాసన, పోపులో ఎండుమిరపకాయ ఘాటు. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి తిరిగి ఎండుచేపల వాసన వచ్చేది. అమ్మ రెండు పెద్ద గుండిగలలో అన్నం వార్చి, ఒకదాన్ని పులిహోర, ఇంకొకదాన్ని పెరుగన్నం చేసేది. బాదం ఆకులు కోసి తడిగుడ్డతో తుడవడం నా పని. నాయన పొట్లాలు కట్టేవాడు. పులిహోరకి అరటినారతో ఒక ముడి, పెరుగన్నానికి రెండు ముళ్ళు. ఆ తర్వాత గంప నెత్తిన పెట్టుకుని స్టేషనుకు పోయేవాడు. ఆయన నడుస్తుంటే గంప కదిలేది కాదు, కింద మనిషి మాత్రం ఊగేవాడు.

నాయన పుట్టినప్పుడు పెంచలయ్య. మా అమ్మని చేసుకోవడం కోసం బాప్తిస్మం తీసుకుని దానియేలు అయ్యాడు. మతం సంగతి ఏమో గానీ, అమ్మ చేతి పులుసు కోసం ఆయన ఇంకా పెద్ద త్యాగాలకైనా సిద్ధంగా ఉండేవాడని మా మేనత్త అనేది. చదువు రాదు. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేవాడు. ఎవరైనా సరిచేయబోతే, "దేవుడికి ఎట్టా పట్టుకున్యా కనపడతాదిలే" అనేవాడు. ఆయన ఉద్దేశంలో పెంచలయ్య సర్కారు పేరు, దానియేలు దేవుడి పేరు. అందుకే నన్ను బడిలో వేసినప్పుడు తండ్రి పేరు అడిగితే సర్కారు పేరు చెప్పాడు, నా పెళ్ళికి దేవుడి పేరు చెప్పాడు. స్టేషనులో ఈ రెండూ ఎవరికీ అక్కర్లేదు, అక్కడ ఆయన పొట్లాల మామ. ఇక అమ్మ ఆయన్ని ఏ పేరుతోనూ పిలిచేది కాదు. ఎదురుగా ఉంటే "ఏమయ్యో", లేకపోతే "కరుణ వాళ్ళ నాయన". మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. పలక్కుండా ఆమె తిట్టిన తిట్లకి ఆయుష్షు పెరిగిందో ఏమో, ఎనభై దాటి బతికాడు.

ఆయన వ్యాపారానికి ఒక పద్ధతి ఉండేది. రేపు ఎంత వండాలో తెలియాలంటే ఏ బండికి ఎన్ని పెట్టెలున్నాయో, ఏ పెట్టెలో ఎలాంటి జనం ఉన్నారో, ఏది తిన్నారో, ఏది వద్దన్నారో తెలియాలి. అందుకని కుడి జేబు నిండా చింతపిక్కలు పోసుకునేవాడు. బండి పక్కన నడుస్తూ పెట్టెకొక పిక్క ఎడమ జేబులోకి మార్చేవాడు. తర్వాత నేను బడి నుంచి వచ్చినప్పుడు ఎడమ జేబు ఖాళీ చేసి, చెబుతూ ఉంటే నేను రాసేదాన్ని. నోటుబుక్కు గంపలోనే గుడ్డ కింద ఉండేది, విరామం గంటలో నేను స్టేషనుకి పరుగెత్తినా రాయడానికి వీలుగా. నాకు నా దస్తూరీ అంటే మహా గర్వం. పేజీకి నాలుగు గళ్ళు గీసి, పులిహోరకి "పు", పెరుగన్నానికి "పె", తింటే ఒక చుక్క, తినకపోతే ఇంటూ గుర్తు పెట్టేదాన్ని. విరామం గంటలో నా వెంట వచ్చే తోటి పిల్లలు లాక్కుని చూస్తున్నారని అట్ట మీద ఆ హెచ్చరిక రాశాను. దానివల్ల ఏం జరగబోతోందో తెలిస్తే పూలబొమ్మ వేసి ఊరుకునేదాన్ని.

అంతలో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. యుద్ధం ఎక్కడో పంజాబులో జరుగుతుంటే మా బడిలో కందకం తవ్వారు. విమానం వస్తే అందులో పడుకోవాలి. రెండో రోజే వాన పడి కందకంలో కప్పలు చేరాయి, మూడో రోజు మా లెక్కల పంతులు చేరాడు. ఆయన్ని పైకి లాగడానికి నలుగురు కావలసి వచ్చారు. ఊళ్ళో కరెంటు లేకపోయినా లాంతరు చిమ్నీలకి నల్ల కాగితం అంటించాం. శత్రువు మా ఊరి మీద బాంబు వేయాలంటే ముందు మా ఊరు ఎక్కడుందో ఎవరినైనా దారి అడగాలి, అయినా సరే. గూఢచారులు గొడుగుల్లాంటివి కట్టుకుని ఆకాశం నుంచి దిగుతున్నారని పుకారు. గాజులమ్మే ఆమెని, సోది చెప్పే ఆమెని, చివరికి పొరుగూరు నుంచి వచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్యనీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. పేరయ్య అబద్ధాలు చెబుతున్నాడని అందరికీ తెలుసు, అవి పెళ్ళికొడుకు గురించిన అబద్ధాలని నమ్మించడానికి ఆయనకి సాయంత్రమైంది.

మద్రాసు వైపు నుంచి మిలిటరీ బళ్ళు రావడం మొదలైంది. మా నాయనకి అవి కొత్త బేరం, అంతే. నా పుస్తకంలో వాటి రాత ఇలా ఉండేది: "మిలిటరీ బండి. పద్నాలుగు పెట్టెలు. ముందు ఆరింట్లో రొట్టెలు తినేవాళ్ళు, పె వద్దన్నారు. నడుమ అయిదు మనవాళ్ళు, పు చాలలేదు. వెనక మూడు టార్పాలిను కప్పినవి, తినవు."

ఒకరోజు పొద్దున విరామం గంట కొట్టగానే నేను స్టేషనుకి పరుగెత్తాను. ప్లాట్‌ఫారం మీద మిలిటరీ బండి నిలబడి ఉంది. దాని ఇంజను ఆయాసపడి మా ఊళ్ళో చతికిలబడింది. బిట్రగుంట షెడ్డు నుంచి ఇంకొక ఇంజను బయలుదేరిందట, గంటలో వస్తుందట. గంటసేపు ఆగిన బండి అంటే మా నాయనకి పండగే కదా అనుకుంటూ చూస్తే, ఆయన ఇనుప పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. రెండు పక్కలా ఇద్దరు సిపాయిలు, తుపాకులతో. తలపాగా ఊడి భుజం మీద పడింది. ఎదురుగా నేల మీద గంప. ఇంకొక సిపాయి లోపల ఏమైనా దాచాడేమోనని ఒక్కొక్క పొట్లం విప్పి చూస్తున్నాడు. విప్పిన ప్రతి పొట్లాన్నీ తింటున్నాడు కూడా. విచారణ అంత శ్రద్ధగా జరుగుతోంది.

జరిగింది, స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నాకు గుసగుసగా చెప్పాడు. బండి పక్కన నడుస్తూ ఒక మనిషి ఈ జేబులోంచి ఆ జేబులోకి ఏదో మారుస్తున్నాడని వాళ్ళ కంటబడింది. పట్టుకుని జేబు తిప్పితే సరిగ్గా పద్నాలుగు చింతపిక్కలు. పెట్టెలూ పద్నాలుగే. గంప వెతికితే నా పుస్తకం. స్టేషన్ మాస్టరు గారు మా ఊరికి వచ్చి నాలుగు రోజులే అయింది, మా నాయన ఎవరో ఆయనకి తెలియదు. ఇంగ్లీషు తెలుసు గనక ఆయన్ని పిలిచి, చదివి అర్థం చెప్పమన్నారు. పాపం ఆయన ముందుగా అట్ట మీది మాట చదివి "రహస్యం" అని చెప్పాడట. ఆ తర్వాత టార్పాలిను సంగతి చదివాడు.

ఆ సిపాయిల పైఅధికారిని అందరూ మేజరు గారంటున్నారు. సన్నగా, పొడుగ్గా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. కేకలు వేసే రకం కాదు, అందుకే భయం వేసింది. "ఈ మనిషి ఎవరో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి" అని స్టేషన్ మాస్టరు చేత అడిగించాడు. మంచివాళ్ళు ముగ్గురు ముందుకొచ్చారు. మునసబు గారు ఛాతీ విరుచుకుని, "పెంచలయ్య సార్ ఈన పేరు. నా చేతుల మీద ఇంటిస్థలం పట్టా ఇచ్చినాము" అన్నాడు. ఆ తర్వాత మా చర్చి అయ్యగారు వచ్చి, "దానియేలు గారు. మా సంఘస్థుడు" అని సెలవిచ్చాడు. పాయింట్స్‌మన్ చేతులు కట్టుకుని, "పేరు తెలీదు సార్, పొట్లాల మామ అంటాం" అన్నాడు. ముగ్గురూ మా నాయన్ని కాపాడాలనే వచ్చారు. మేజరు గారు మూడు వేళ్ళు ఎత్తి చూపించి తల ఆడించాడు. మూడు పేర్లతో తిరిగేవాణ్ణి ఏమంటారో ఆయన వేరే చెప్పనక్కర్లేదు. మునసబు, అయ్యగారు ఒకరినొకరు మీదే తప్పు అన్నట్టు చూసుకున్నారు.

అప్పుడు మేజరు పుస్తకం తెరిచి, "ఈ రాత ఎవరిది?" అన్నాడు.

నాయన తల ఎత్తాడు. గుంపులో నన్ను చూశాడు. "నాదే సామీ" అన్నాడు.

మేజరు పెన్ను ఇచ్చి రాయమన్నాడు. నాయన ఆ పెన్నుని గరిటె పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుని, కాగితం మీద ఒక గీత గీసి, ఆ గీతని కొంచెంసేపు చూసి, పెన్ను తిరిగిచ్చేశాడు. చెప్పిన ఒక్క అబద్ధమూ నిమిషంలో తేలిపోయింది. మేజరు పుస్తకం మూసి ఏదో అన్నాడు. స్టేషన్ మాస్టరు గారు మా వైపు తిరిగి, "ఇంజను రాగానే ఈయన్ని కూడా బండిలో తీసుకుపోతారంట" అన్నాడు. ఎక్కడికని ఎవరో అడిగితే, బండి ఎక్కడికి పోతుందో తనకే తెలియదన్నాడు. అది మిలిటరీ బండి, ఎవరికీ చెప్పరు.

నేను గుంపులోంచి దూసుకుపోయి, "ఆ రాత నాది! ఆయన మా నాయన!" అని అరిచాను. మేజరు నా వైపు చూసి, మా నాయన వైపు చూశాడు. నాయన నా మొహం కేసి సూటిగా చూస్తూ, "ఆ పిల్ల ఎవరో నాకు తెల్దు సామీ" అన్నాడు.

జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఆ మాట తగిలినట్టు ఇంకేదీ తగల్లేదు. నన్ను కాపాడడానికే అన్నాడని ఇప్పుడు చెప్పగలను. ఆ క్షణంలో మాత్రం ప్లాట్‌ఫారం మీద నాకు ఎవరూ లేరు.

అంతలో అమ్మ వచ్చింది. పాయింట్స్‌మన్ పోయి పిలుచుకొచ్చాడు. చేతులకి పసుపు, కొంగు నడుముకి చెక్కి, దారిలో ఎదురైన తుపాకీని పక్కకి నెట్టి మరీ వచ్చింది. నాయన అన్న మాట ఆమె చెవిన పడింది.

"ఏమయ్యో, కన్నబిడ్డని తెల్దంటావా? నోరెట్టా వచ్చిందయ్యా నీకు? పిల్ల తెల్దు, రేపు నేనూ తెల్దంటావు! ఇంటికి రా, తెలిసేటట్టు చేస్తా!"

నాయన తల దించుకున్నాడు. తుపాకుల మధ్య కూడా అంత భయపడలేదు. మేజరు ఆ తిట్లకి అర్థం అడగలేదు, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అమ్మని స్టేషన్ మాస్టరు గదిలోకి తీసుకుపోయి, నన్ను బయట పార్సిళ్ళు తూచే కాటా దగ్గర నిలబెట్టాడు, ఒకరి మాట ఒకరికి వినపడకుండా. ఆ గదిలో జరిగింది తర్వాత స్టేషన్ మాస్టరు గారు ఊళ్ళో అందరికీ చెప్పాడు. నీ మొగుడి పేరేమిటని అడిగితే, "మొగుడి పేరు పెట్టి చెప్పేదాని మాదిరి కనపడతా ఉండానా?" అందట. మరి అతనెవరని అడిగితే, "చెప్తా ఉండా గదయ్యా, మా కరుణ వాళ్ళ నాయన" అందట. పేరు కావాలమ్మా, లేకపోతే తీసుకుపోతారమ్మా అని ఆయన బతిమాలాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుందిగానీ పేరు మాత్రం పలకలేదు. పేరు చెబితే ఆయుష్షు పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు. మళ్ళీ అదే మాట, కరుణ వాళ్ళ నాయన.

తర్వాత మేజరు నా దగ్గరికి వచ్చాడు. ఈ రోజు బండి గురించి ఆ పుస్తకంలో ఎలా రాస్తావో రాసి చూపించమన్నాడు. కాటా మీద పుస్తకం పెట్టుకుని రాశాను: "మిలిటరీ బండి. పద్నాలుగు పెట్టెలు. ఇంజను చెడిపోయింది. పొట్లాలన్నీ ఒకాయనే తిన్నాడు. మా నాయన్ని పట్టుకున్నారు." స్టేషన్ మాస్టరు చదివి వినిపిస్తుంటే ఆ తిన్న సిపాయి తన బూట్లు చూసుకున్నాడు. మేజరుకి తెలుగు రాదు, అయినా పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టి అక్షరం అక్షరం సరిచూశాడు. టార్పాలిను పెట్టెలు తినవు అంటే ఏమిటి అని అడిగాడు. "మనుషులు లేరు గదా సార్, ఎట్టా తింటాయి?" అన్నాను. ఆయన మీసం కదిలింది. చివరికి, "మీ అమ్మ ఆయన్ని ఏమని పిలుస్తుంది?" అన్నాడు.

"పిలవదు సార్. ఎవురికైనా చెప్పాల్నంటే కరుణ వాళ్ళ నాయన అంటది."

ఉత్తరం వైపు నుంచి కూత వినిపించింది. బిట్రగుంట ఇంజను వచ్చేసింది. మేజరు నవ్వడం మొదలుపెట్టింది సరిగ్గా అప్పుడే. స్టేషన్ మాస్టరుతో ఆయన అన్నది ఇదీ: పేరు చెప్పిన ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు, పేరు చెప్పని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. తన సొంత ఊళ్ళో తన తల్లి కూడా తండ్రిని కొడుకు పేరు పెట్టే చెబుతుందట. మిలిటరీ బళ్ళ పేజీలన్నీ చింపి జేబులో పెట్టుకుని, ఇక అలాంటివి రాయొద్దని నాకు గట్టిగా చెప్పాడు. అట్ట లోపల ఎర్ర పెన్సిలుతో "కరుణ తండ్రి. తిండి అమ్ముతాడు. విచారించాను" అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు. పేరు రాయలేదు. మూడింటిలో ఏది రాసినా ఇంకొకరు వచ్చి కాదంటారని అనుకున్నాడేమో. బండి కదిలేటప్పుడు ఆ తిండిపోతు సిపాయి కిటికీలోంచి మా నాయనకి సెల్యూట్ కొట్టాడు.

ఇంటికి నడుస్తూ అమ్మ దారి పొడుగునా తిట్టింది. నేను నాయనకి ఎడంగా నడిచాను. నాయన ఖాళీ గంప మోస్తూ, "నీ రాత అని చెప్తే నిన్ను గూడా ఎక్కించుకుంటారేమోనని భయపడితినమ్మా" అన్నాడు. "నీ ముందర ఆ మాట ఎట్టా అంటినో దేవుడికే తెలుసు." అమ్మ తిట్లు ఆగిపోయాయి. ఆ రోజు ఇంట్లో మిగిలిన పులిహోర ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం. ఆ తర్వాత ఎవరు ఏ కాగితం అడిగినా నాయన ఆ పుస్తకమే తీసి చూపించేవాడు. చిత్రమేమిటంటే, ఆ రోజుల్లో అందరూ సరేననేవారు.

పింఛన్ల ఆఫీసు కుర్రవాడు సరేననలేదు. అట్ట మీద "ఇతరులు చూడరాదు" చూసి నవ్వాడు, లోపల చదివాడు, తిరగేశాడు. "మేడం, ఇందులో పెంచలయ్యా లేడు, దానియేలూ లేడు. మీ పేరొక్కటే ఉంది. మీ నాన్న ఎవరో చెప్పడానికి, ఆయన మీ నాన్న అని రాసిన కాగితం తెస్తే ఎట్లా?" అన్నాడు. నిజమే. తుపాకీ ఉన్న మనిషి గంటలో తేల్చుకున్నాడంటే, ఆయన ముందు ఒక ఆడమనిషీ ఒక ఆడపిల్లా ఏడుస్తూ నిలబడ్డారు. ఈ అబ్బాయి ముందు ఒక తెర ఉంది, అందులో గళ్ళున్నాయి. ఒకప్పుడు నేనే గళ్ళు గీసి ఆనందించినదాన్ని, వాటిని తిట్టే హక్కు నాకు లేదు. అతను చెడ్డవాడు కాడు. గొంతు తగ్గించి ఒక ఉపాయం కూడా చెప్పాడు. "స్కూలు సర్టిఫికెట్‌లో పేరు పొరపాటున పడింది, పెంచలయ్య అనే వ్యక్తి ఎవరో నాకు తెలియదు అని ఒక్క ముక్క రాసివ్వండి మేడం. వారంలో పింఛను వచ్చేస్తుంది."

తెల్లకాగితం ముందుకి జరిపి, పెన్ను చేతికిచ్చాడు. ఆ రోజు మా నాయనకి పెన్ను పట్టుకోవడం రాలేదు. నాకు వచ్చు, ఇప్పటికీ దస్తూరీ బాగానే ఉంటుంది. "నాకు తెలియదు" అనే మాట మా ఇంట్లో ఒకసారి ఒకరు అన్నారు బాబూ, దాని బరువు మాకు తెలుసు, అన్నాను. పెన్ను తిరిగిచ్చేసి, నా పుస్తకం తీసుకుని ఇంటికొచ్చేశాను.